మూడో తరగతి తలుపు

ఉత్తర ఇంగ్లండులో విక్టోరియా రాణి నాటి రైల్వే స్టేషన్ ఒకటి బాగుచేస్తుంటే, డ్రాయింగుల పని అబూధాబీలోని మా ఆఫీసుకొచ్చింది. మొదటి తరగతి వెయిటింగ్ రూములో ఫైర్‌ప్లేసు ఉంది. మూడో తరగతికి చెక్క బల్లలే, తలుపు కూడా వెనకవైపు.

"మనుషుల్ని మనుషుల కంట పడనీయలేదు, దుర్మార్గులు" అని ఇంట్లో ఉన్న నా భార్యతో ఫోన్లో అంటూ, సాయంత్రం మేముండే బిల్డింగు లిఫ్టెక్కాను. వెనకే, చెమటతో తడిసిన డెలివరీ అతను ఎక్కబోయాడు.

"భయ్యా, సర్వీస్ లిఫ్ట్ ఉధర్ హై" అన్నాను.

"అది ఖరాబైంది సార్" అన్నాడతను తెలుగులోనే. "ఏం గాదు, మెట్లెక్కి పోతా."

వద్దు, ఇందులోనే రమ్మనడానికి వ్యవధి ఉంది. తలుపులు మూసుకునేదాకా ఫోను చూస్తూ నిలబడ్డాను.

ఇంట్లోకెళ్లిన కాసేపటికి బెల్ మోగింది. మేం తెప్పించుకున్న బిర్యానీ. తలుపు తీయమని నా భార్యను పంపాను.