మూడో కుర్చీలో మేష్ట్రు

టీవీలో పాటల పోటీ వచ్చే శని, ఆదివారాల సాయంత్రాలు బట్లహళ్ళి సుబ్బరాయప్ప ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. డెబ్బై మూడేళ్ల మనిషి గోడకు ఆనుకొని, కళ్ళు మూసుకొని వింటాడు. తెర మీద ముగ్గురు న్యాయనిర్ణేతలు మార్కులు చెప్పేలోగా ఆయన తన తీర్పు చెప్పేస్తాడు.

“ఈ పాప స్త్రీపార్టుకు పుట్టింది.”

“ఈ పిల్లోడు రాజపార్టు. ఇంకో రెండేండ్లు సంగటి తినాల, అంతే.”

“ఈయప్పది హాస్యపార్టు. ఏడుపు పాటలు పాడతాండాడు. ఎవురూ చెప్పలేదు పాపం.”

కోడలు నేత్రకు నవ్వొస్తుంది. “పార్టులు కాదు మామా, మార్కులు చెప్పు. పదికి ఎన్ని?”

“గొంతుకు మార్కులేందమ్మా? గొంతుకు పని ఇయ్యాల.”

ముప్పై ఎనిమిదేళ్ల పాటు ఆయన చేసింది ఆ పనే. కర్ణాటకలో చింతామణి, బాగేపల్లి, గుడిబండె చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఊళ్ళలో సుబ్బరాయప్ప అంటే డ్రామా మేష్ట్రు. రాగుల కోతలు అయిపోగానే ఏదో ఒక ఊరివాళ్ళు వచ్చి పిలుచుకొని పోయేవారు. హార్మోనియం పెట్టె బస్సు టాపు మీద, ఆయన లోపల. మూడు నెలలు ఆ ఊళ్ళోనే మకాం. పశువులకు మేత వేసి, కాళ్ళు కడుక్కొని వచ్చిన రైతులకు పద్యాలు నేర్పించి, ఒక పౌరాణిక నాటకం ఆడించి గానీ ఇంటికి వచ్చేవాడు కాదు.

మొదటి రోజు ఎవరికీ పార్టు ఇచ్చేవాడు కాదు. అందరినీ వరసగా కూచోబెట్టి, ఒక్కొక్కరి చేత వాళ్ళకిష్టమైనదేదో పాడించేవాడు. ఒకడు భజన అందుకునేవాడు, ఒకడు సినిమా పాట, ఇంకొకడు ఏమీ రాక ఎద్దులను అదిలించే కూత కూసేవాడు. ఆయన వేళ్ళు హార్మోనియం మెట్ల మీద తడుముకుంటూ పోయి ఒకచోట ఆగేవి. “నీది నాలుగు శ్రుతి. నీది రెండున్నర. నీకు శ్రుతి ఆ దేవుడే ఇయ్యాల, నువ్వు కత్తి పట్టుకొని రాజు ఎనక నిలబడు.” ఒక ఊరిలో బయ్యప్ప అనే రైతు గొంతు పగిలిన కుండలాగా ఉండేది. అందరూ వద్దంటే కూడా అతనికి ముసలి ముని వేషం ఇచ్చాడు. నాటకం రోజు ఆ గొంతు విని ఆడవాళ్ళు లేచి దండాలు పెట్టారు.

పద్యాలు తెలుగువి, నోటుబుక్కుల్లో రాత మాత్రం కన్నడం. అక్కడ అందరూ చదువుకున్నది కన్నడ బళ్ళలోనే. చదువే రానివాళ్ళకు ఆయన ఒక్కో పాదం నూరుసార్లయినా పాడి వినిపించేవాడు.

తర్వాత ఆర్కెస్ట్రాలు వచ్చాయి, వాటి వెనకే డీజేలు. పన్నెండేళ్ల కింద ఆయన ఆఖరి నాటకం ఆడించాడు. హార్మోనియం పట్టుపురుగుల గదిలో అటక ఎక్కింది. ఆయనకు పాటతో మిగిలిన సంబంధం టీవీ ఒక్కటే. అందులో సినిమా రౌండు అంటారు, భక్తి రౌండు అంటారు, జానపద రౌండు అని అందరికీ భుజాన కంబళ్ళు వేస్తారు. ఒకసారి ఆయన నేత్రతో అన్నాడు: “పాటలు యేరేయేరే అమ్మా. గొంతులే అన్నీ ఒకే మాదిరి ఉండాయి. మా కాలంలో పాట ఒకటే, గొంతులు పద్దెనిమిది.”

పోయిన సంవత్సరం ఆషాఢంలో చింతామణి నుంచి లోకేశ్ వచ్చాడు. సౌండు సిస్టం బాడుగకు ఇచ్చే మనిషి. బెంగళూరులో జరిగే పాటల పోటీకి తాలూకాల్లో పాటగాళ్లను ఏరే పని ఒకటి అతని చేతికి వచ్చింది.

“జడ్జీలు ముగ్గురు ఉండాల మేష్ట్రే. ఒకరు బెంగళూరు నుంచి వస్తాండారు, ప్రతిమ అని, సినిమాల్లో పాడుతుంది. ఇంకొకరు కాలేజీలో సంగీతం మేడం. మూడో కుర్చీకి లోకల్ పెద్దమనిషి కావాలన్నారు. మీరు రావాల.”

“నాకేం తెలుసప్పా ఆ పాటలు?” అన్నాడు సుబ్బరాయప్ప. కానీ లోకేశ్ వెళ్ళాక పెట్టె తెరిచి తెల్ల పంచె తీసి, ఇస్త్రీకి ఇమ్మని కోడలికి ఇచ్చాడు.

పోటీ చింతామణిలో ఒక కల్యాణ మండపంలో పెట్టారు. నలభై ఒక్కమంది వచ్చారు. ఒక్కొక్కరి పేరుకు ఒక కాగితం. అందులో శ్రుతి, లయ, భావం, స్టేజి మీద నడత అని నాలుగు గళ్ళు, గడికి పది మార్కులు. మొదటి కాగితం మీద సుబ్బరాయప్ప పెన్ను చాలాసేపు ఆగింది. చివరికి గళ్ళ మీద అడ్డంగా కన్నడ అక్షరాల్లో “స్త్రీపార్టు” అని రాశాడు. రెండో దాని మీద “మంత్రి”. మూడో దాని మీద “ఇంకా తెల్దు”. అట్లా రాసుకుంటూ పోయాడు.

ఇరవై ఏడో మనిషి సునీల్‌కుమార్. బాగేపల్లిలో ఆటో నడుపుతాడు, ముప్పై రెండేళ్లుంటాయి. ఖాకీ చొక్కా మీదనే వచ్చాడు. ఫోన్లో నుంచి సినిమా పాట సంగీతం మొదలైంది. పల్లవి ఎట్లాగో గట్టెక్కాడు. చరణంలో పైకి పోయేచోట గొంతు రెండుగా చీలింది. మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ చీలింది. వెనక ఎవరో నవ్వారు. కాలేజీ మేడం బల్ల మీది గంట కొట్టింది. గంట కొడితే దిగిపోవాల్సిందే.

“ఉండమ్మా,” అని సుబ్బరాయప్ప లేచి నిలబడ్డాడు. “తప్పు గొంతుది కాదు. ఆ మిషన్‌ది. అది వాని శ్రుతి కాదు. లోకేశా, అది ఆపు.”

“మేష్ట్రే, రూల్సులో రెండోసారి లేదు…”

“మార్కులు ఏసుకోమని నేను అడగలేదు. ఇననీ నన్ను.” ఆయన మైకు దగ్గరికి నడిచి, నోరు మూసుకొని కిందినుంచి ఒక స్వరం పట్టి నిలబెట్టాడు. “దీంట్లో పాడు నాయనా. సినిమాది వద్దు. నీకేం వస్తే అది.”

సునీల్ తల గోక్కున్నాడు. “నాకు ఇంకేమీ రాదు సార్. మా నాయన పాలు పిండేటప్పుడు ఒక పద్యం పాడతాండె. అది కొంచెం వస్తాది.”

“అదే పాడు.”

పాడాడు. హాలు సద్దుమణిగింది. రాజు యుద్ధానికి పోతూ తల్లి దగ్గర సెలవు తీసుకునే పద్యం. మూడో పాదంలో దీర్ఘం తీసే మాట ఒకటుంది. ఎవరు పాడినా ఆ మాటను ఒకే ఊపిరిలో లాగుతారు. సునీల్ దాన్ని నడుమ విరిచి, చిన్నగా ఊపిరి తీసుకొని, రెండో సగం అందుకున్నాడు.

సుబ్బరాయప్ప మైకు స్టాండు పట్టుకున్నాడు.

“మీది ఏ ఊరు?”

“పాతపాళ్య, సార్.”

“అంజినప్ప కొడుకువా నువ్వు?”

సునీల్ నోరు తెరిచాడు. “మా నాయన మీకెట్ల తెలుసు? ఆయన పోయి ఆరేండ్లాయ.”

“వానికి ఆ పద్యం నేర్పింది నేనే. ముప్పై ఏండ్ల కిందట, మీ ఊళ్ళోనే. మీ నాయనకు ఉబ్బసం. ఆ మాట ఒక్క ఊపిరిలో వచ్చేది కాదు. అందుకని ఆడ నేనే ఇరిచినా, ఊపిరికి జాగా చేసినా. ఈ భూమ్మీద ఆ పద్యాన్ని అట్ల పాడింది వాడొక్కడే.”

సునీల్ చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. అది ఉబ్బసం వల్ల వచ్చిన విరుపని అతనికి ఇన్నేళ్ళూ తెలియదు. పద్యమే అట్లా ఉంటుందనుకున్నాడు.

రూల్సు రూల్సే. సునీల్ పేరు బెంగళూరు జాబితాలోకి ఎక్కలేదు. సాయంత్రం కాగితాలన్నీ ముందేసుకొని లోకేశ్ తల పట్టుకున్నాడు. “రాజపార్టు, ద్వారపాలకుడు… ఇవి కంప్యూటర్‌లో ఎట్ల ఎక్కిచ్చేది మేష్ట్రే?” చివరికి మిగిలిన ఇద్దరి మార్కులతోనే లెక్క తేల్చారు. ప్రతిమ మాత్రం వెళ్ళేముందు ఆ కాగితాలన్నీ ఒకసారి చదివింది. “తాతా, నేను ఆడిషన్‌కు వచ్చుంటే నాకేం ఇచ్చేవాళ్ళు?” అని తెలుగులో అడిగింది. పొద్దుటి నుంచి ఆమె తెలుగు మాట్లాడటం అదే మొదలు. ఆయన ఆమె చేత రెండు పాదాలు పాడించుకొని, “యువరాజు” అన్నాడు. ఆమె ఆశ్చర్యపోయి, తర్వాత గట్టిగా నవ్వింది.

తిరుగు దారిలో సునీల్ ఆయన్ను తన ఆటోలోనే బట్లహళ్ళిలో దించాడు. ఆ గురువారం మళ్ళీ వచ్చాడు. నేత్ర అటక మీది హార్మోనియం దించి దుమ్ము దులిపింది. తిత్తికి ఎలుకలు రెండు బొక్కలు పెట్టి ఉన్నాయి. తోలు అతికించి సరిచేశారు. మూడో గురువారానికి సునీల్ వెంట పాతపాళ్య వాళ్ళు ఇంకో ఐదుగురు వచ్చారు.

నేర్పేటప్పుడు ఆ పద్యం దగ్గర సుబ్బరాయప్ప ఆపాడు. “నీకు ఉబ్బసం లేదు కదా. ఒకే ఊపిరిలో లాగు.”

“నాయనది పోతాది కదా మేష్ట్రే.”

ఆయన తిత్తి రెండుసార్లు ఊరికే ఆడించాడు. అంజినప్ప బీడీ మానేస్తానని తన చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్న సంగతి, మరుసటి రోజే గడ్డివాము చాటున దొరికిపోయిన సంగతి గుర్తొచ్చి పెదవి మీద నవ్వు కదిలింది.

“పోనీ. వాని కష్టం నువ్వెందుకు మొయ్యాల? నీ గొంతు రానీ.”

సునీల్‌కు అది కుదరడానికి పదిహేను రోజులు పట్టింది.

ఉగాది దాటిన వారంలో పాతపాళ్యలో నాటకం ఆడారు. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ ఊళ్ళో ఆడిన నాటకం అది. స్త్రీపార్టుకు ఎవరూ దొరక్కపోతే, ఊరి టైలరు హనుమక్క తానే వేస్తానని ముందుకొచ్చి అందరికంటే బాగా పాడింది. సుబ్బరాయప్ప వేళ్ళు రెండుసార్లు మెట్టు తప్పాయి. పక్కన కూచుని కన్నడ అక్షరాల్లో పద్యాలున్న నోటుబుక్కు తిప్పుతున్న నేత్రకు తప్ప అది ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడాయన గుడిబండె దగ్గర ఒక పల్లెలో నేర్పుతున్నాడు. పద్దెనిమిదిమంది చేరారు. వాళ్ళలో ఇద్దరికి శ్రుతి అసలు నిలవదు, కత్తి పట్టుకొని ఊరికే నిలబడటానికీ ఒప్పుకోరు. వాళ్ళకు ఏ పార్టు ఇవ్వాలో ఆయనకింకా తోచలేదు.