పెత్రమాసనాడు కిష్టవ్వ చెప్పిన పేరు

కిష్టవ్వ మీద నాకు వచ్చినంత కోపం ఖానాపూర్‌లో ఇంకెవరికీ వచ్చి ఉండదు. ఆమె కోసం నేను ఏడ్చినంత కూడా ఎవరూ ఏడ్చి ఉండరు.

నా పేరు ఐలవ్వ. మహిళా సంఘం ఆఫీసులో కూర్చుని, చదువురాని ఆడవాళ్లకు దరఖాస్తులు రాసిపెడతాను. వాళ్లను వెంటబెట్టుకుని ఆఫీసులు తిరుగుతాను. నాకు నోరు పెద్దదని పేరు. ఉండనీ, నోరు లేకపోతే ఇక్కడ ఏ కాగితమూ కదలదు.

కిష్టవ్వకు డెబ్బై దాటాయి. మొగుడు మొండయ్య పోయాక కైకిలికి పోయి, నాట్లేసి, పసుపు తవ్వి ఒక్క కొడుకు రాంచందర్‌ను పెంచింది. వాడు తొమ్మిదేళ్ల కింద మస్కట్ పోయాడు. రెండేళ్లు ప్రతి శుక్రవారం ఫోన్ చేశాడు. తర్వాత కంపెనీ విడిచి పారిపోయి ఎక్కడో చాటుగా పని చేసుకుంటున్నాడని తెలిసింది. ఆ తర్వాత కబురే లేదు. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లందరినీ అడిగాను. ఒక్కరూ చూశామనలేదు.

వాడు చివరిసారి మాట్లాడిన బటన్ల ఫోన్‌ను కిష్టవ్వ కొంగుకు ముడేసుకుంది. స్నానానికి పోతే కోడలి చేతికిచ్చి పోతుంది. అది మోగితే చాలు, చేతిలో ముద్ద వదిలేసి "బిడ్డా రాంచందరా" అంటుంది. అవతల ఏదో కంపెనీ వాళ్ల రికార్డింగు పాటల ప్యాకేజీ గురించి చెబుతుంటుంది. ఈమె అది అయిపోయేదాకా వింటుంది.

కోడలు బాలలక్ష్మి రోజుకు వెయ్యి బీడీలు చేసి ఇల్లు నడిపింది. మొన్న వానాకాలంలో దగ్గితే రక్తం పడింది. తంబాకు ముట్టొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. తొమ్మిదో తరగతి చదివే బిడ్డ సృజన పది రోజులుగా బడికి రావడం లేదని వాళ్ల సారు చెబితే ఉరికాను. పిల్ల గడపలో బీడీల చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. తల ఎత్తలేదు.

"అమ్మతోని అయితలేదు పెద్దమ్మా. ఎవలో ఒకలు చెయ్యాలె గద" అంది.

ఒంటరి మహిళ పింఛన్ వస్తే ఆ చాట పక్కకు పోతుంది, పిల్ల బడికి పోతుంది. దారి అదొక్కటే. అప్పటికే రెండుసార్లు రాశాను, రెండుసార్లూ కొట్టేశారు. ఎవరి వల్లనో తెలుసా? మా వాడ వల్ల. మండలాఫీసు నుంచి ఎంక్వైరీకి వచ్చిన సారు, బాలలక్ష్మి భర్త వస్తున్నాడా అని అడిగితే, గుమ్మంలో నిలబడ్డ కిష్టవ్వ "దసరాకు వస్తడు సారూ" అంది. తల్లి కదా, అననీ. రోజూ నా దగ్గర "ఇంకేడ వస్తడక్కా" అని ముక్కు చీదే పక్కింటి పోశవ్వ కూడా "వస్తడు సారూ, రాకేడ పోతడు" అంది. ఎదురింటి పర్శరాములైతే "మొన్న ఫోన్ గూడ చేసిండట" అని ఇంకో మెట్టెక్కాడు. భర్త విదేశంలో పనిచేస్తున్నాడని సారు రాసుకుపోయాడు.

పర్శరాములును నడిబజారులో కడిగేశాను.

"తిట్టక్కా, పడ్త" అన్నాడు. "గని గా ముసల్ది నా మొకం దిక్కే సూస్తున్నది. నీ కొడుకు రాడని దాని ముంగట ఎట్ల చెప్పాలె?"

మా వాడ మంచితనం పాడుగాను!

మూడోసారి రాశాను. ఎంక్వైరీకి సారు పెత్రమాసనాడే, అంటే పెద్దల అమావాస్యనాడే, వస్తానన్నాడు. మధ్యాహ్నానికి పింఛన్ల లిస్టు పోతుంది, మర్నాటి నుంచి దసరా సెలవులు. ముందురోజు కిష్టవ్వ ముందు కూర్చుని బతిమాలాను.

"సచ్చిండని అనుమంటలేను. ఏడేండ్లాయె, ఇగ రాడు, కోడలు ఒక్కతే. గంతే అను. రేపు తప్పితే గీ పోరి బతుకు ఆగమైతది."

"తల్లి నోటిమాట తాకుతది బిడ్డా" అంది. "రాడు అని నేనంటే, వచ్చెటోడు గూడ ఆడనే ఆగిపోతడు."

"నువ్వు మనిషివా, రాయివా?" అని లేచొచ్చాను. అంత మాట అనకుండా ఉండాల్సింది.

పెత్రమాస పొద్దున మా దగ్గర చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు. ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి కిష్టవ్వే ఇస్తుంది. వాకిట్లో ఆ బియ్యం తీసుకునే జంగమయ్య కూర్చున్నాడు. చాటలో బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క. సృజన నీళ్ల చెంబు పట్టుకుని పక్కన నిలబడింది.

అప్పుడే సారు బండి దిగాడు. గేటు దగ్గరే పోశవ్వను మళ్లీ అదే మాట అడిగాడు. పోశవ్వ నా వైపు చూసింది, కిష్టవ్వ వైపు చూసింది, "వస్తడు కావచ్చు సారూ" అని గొణిగింది. సారు నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపి, కాగితాలు మడిచాడు.

"పేర్లు చెప్పవ్వా" అన్నాడు జంగమయ్య.

కిష్టవ్వ అత్తామామల పేర్లు చెప్పింది. మొండయ్య పేరు చెప్పింది. అయ్య చాట అందుకోబోతే ఆమె వదల్లేదు. చెంబు పట్టుకున్న సృజన వేళ్లనే చూస్తోంది. తంబాకుతో అవి పసుపుపచ్చగా మారాయి.

"ఆగు అయ్యా. ఇంకొక పేరున్నది" అంది. "రాంచందర్."

మంచంలోంచి బాలలక్ష్మి ఎట్లా లేచొచ్చిందో! "అత్తమ్మా, గట్లనకు! గా మాట ఎన్కకు తీసుకో!" అంటూ దగ్గుకుంటూ వచ్చి అత్త నోరు మూయబోయింది. కిష్టవ్వ ఆ చేతిని మెల్లగా పక్కకు తీసి సారు వైపు తిరిగింది.

"రాసుకో సారూ. నా కొడుకు ఇగ రాడు. నా కోడలు ఒక్కతే."

అప్పుడు పోశవ్వ ఏడుస్తూ నిజం చెప్పింది. పర్శరాములు తల దించుకుని సంతకం పెట్టాడు. కిష్టవ్వ వేలిముద్ర వేసింది. కంట్లో ఒక్క చుక్క లేదు.

పింఛన్ వచ్చింది. సెలవులు అయ్యాక సృజన బడికి పోయింది. బాలలక్ష్మి మాత్రం చాలా రోజులు అత్తతో మాట్లాడలేదు. నేను గెలిచాను అంటారు సంఘంలో. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రోజు సారు పోయాక కిష్టవ్వ కొంగు ముడి విప్పి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఇగ నాకెందుకు బిడ్డా" అంది.

దాన్ని ఆఫీసు సొరుగులో పెట్టాను. రెండు రోజులకోసారి చార్జింగ్ పెడుతున్నాను. అది మోగినప్పుడల్లా రాసే దరఖాస్తు వదిలేసి ఇప్పుడు నేను ఉరుకుతున్నాను.