పత్తిలో చెయ్యి

ఆదోని మార్కెట్‌యార్డులో దళారీ ఉస్మాన్ సాబ్ వ్యాపారుల మాటల కంటే చేతులనే నమ్మేవాడు. "వద్దు" అంటూనే పత్తిపోగు లాగి చూసేవాణ్ణి చూసి, మీసాల్లో నవ్వుకునేవాడు. పోయినేడు మెదడులో రక్తం గడ్డకట్టింది. బతికి బయటపడ్డాక మాటలు అర్థమయ్యేవి గానీ, వాటి వెనకున్న మనసు అందేది కాదు. "నవాబ్ సాబ్‌కు చాయ్ మంచం కాడికే కావల్లనేమో!" అని భార్య హసన్‌బీ ఆటపట్టిస్తే, "నేను నవాబును కాదు గదా" అనేవాడు అమాయకంగా. భయపడి ఆమె వేళాకోళాలు మానేసింది.

నిన్న, జబ్బు తర్వాత మొదటిసారి, ఆమెను వెంటబెట్టుకుని యార్డుకొచ్చాడు. ఒక వ్యాపారి ఓ రైతు తెచ్చిన పత్తి చూసి, "ఇది ఎవరికి కావల్లప్పా, మూట కట్టుకో" అన్నాడు. రైతు మొహం మాడ్చుకుని మూట కట్టడానికి వంగాడు. ఉస్మాన్ సాబ్ అతన్ని ఆపాడు. "ఏంటికప్పా తొందర? సేటు చెయ్యి ఇంగా పత్తిలోనే ఉండాది."

వ్యాపారి పకపకా నవ్వాడు. హసన్‌బీ కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఇంటికి పోదాం పాండి, నవాబ్ సాబ్."

"చాయ్ మంచం కాడికే రావల్ల" అన్నాడాయన.