మబ్బులు వడికే అవ్వ చీర

మబ్బులు వడికే అవ్వకు ఏ చీర కట్టాలో తేలడానికి నాకు నెల పట్టింది. పిల్లల కథల పుస్తకాలకు బొమ్మలు వేయడం నా పని. ఈ కథలో ఒక అవ్వ కొండ మీద కూర్చుని, మబ్బుల్ని రాట్నం మీద దారంగా తీస్తుంటుంది. చదవగానే పొందూరులో నూలు వడికే మా మేనత్త కళ్లముందు మెదిలింది. అమ్మ పోయాక నన్ను ఆ రాట్నం పక్కనే పెంచిన మనిషి. నాకు నిదానం తక్కువ. ఆ పూటే బొమ్మ వేసేసి, మర్నాడు విజయనగరంలో పాసింజరెక్కి అత్త దగ్గరికెళ్లాను.

బొమ్మలో అవ్వకు నీలం చీర, వెండి జరీ అంచు, చుక్కంత ముక్కుపుడక. గొప్పగా చూపించాను. అత్త రాట్నం ఆపకుండానే చూసింది.

"జరీకి దారం పట్టీసుకుంటే తెగిపోదేటే? పెళ్లికెల్తన్నట్టున్నాదీవిడ. నన్నేస్తే నన్నెయ్యి. ఎవుల్నో ఏసి మా అత్తని సెప్పకు."

ఒళ్లు మండింది. పుస్తకం అచ్చువేసేవాళ్లకు అప్పటికే ఫోన్లో పంపితే ఆ బొమ్మ నచ్చింది మరి. అయినా అత్త ఒప్పుకోకుండా అచ్చుకు పంపడానికి మనసు రాలేదు. రెండోసారి బొమ్మలో అవ్వకు తెల్లచీర కట్టి తీసుకెళ్లాను.

"ఇంత సుబ్బరంగా ఉన్నాది, ఈవిడికి పనేటీ లేదేటి?" అంది.

మూడోసారి బొమ్మేదీ వేయకుండా, రంగుల సంచీతో వెళ్లి గోడకు చేరగిలబడ్డాను. అత్త వాలుగ చేప దవడనే దువ్వెనగా పట్టి పత్తి దువ్వుతోంది. ఆ సన్నటి పళ్లలోంచి లేచిన నూగు కిటికీ వెలుతురులో తేలుతోంది, కిందికి దిగడం లేదు. కళ్లు మూతలు పడ్డాయి. ఇది ఇప్పటి మధ్యాహ్నమో, నా ఆరేళ్లప్పటిదో తెలియలేదు. పనిలో కూర్చుంటే అత్త జుట్టు తెల్లబడుతుందనీ, స్నానం చేస్తే నల్లబడుతుందనీ అప్పట్లో నిజంగా నమ్మేదాన్ని.

కళ్లు తెరిచేసరికి అత్త కనుబొమల మీద, భుజాల మీద అదే నూగు. వెలిసిన ఆకుపచ్చ చీర దాని కింద సగమే కనబడుతోంది. అక్కడే కూర్చుని వేశాను.

రంగులారాక అత్త కాగితాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత పైటచెంగుతో బొమ్మ భుజం మీది నూగు దులిపింది. పోలేదు. మళ్లీ దులిపింది.

"పోదత్తా. అది నేను వేసిందే," అన్నాను.

అత్త తన భుజం వైపు చూసుకుంది.

"నానే," అంది. కాగితం మాత్రం తిరిగివ్వలేదు. పుస్తకం కోసం ఇంకొకటి వేసుకున్నాను.