కాలోలైనే పన్ను పీకించుకున్న రోజు

కాలోలైనేకి నేయాఫు పట్నమంటే మొదటినుంచీ గిట్టదు. రేవులో దిగీదిగగానే డీజిలు కంపు, చేపలు కడిగిన నీళ్లు. టూరిస్టుల ఓడ వచ్చిన రోజైతే వాటికి తోడు తెల్లవాళ్లు ఒంటికి పూసుకునే క్రీము వాసన. చుట్టుపక్కల దీవులవాళ్లు సంతకనీ సరదాకనీ పట్నం వెళ్తారు. ఆమె మాత్రం ఎవరైనా పోతేనో, తనకు జబ్బు చేస్తేనో తప్ప పడవెక్కదు. పెళ్లి చేసుకోలేదు. మొగలాకులు కోసి, ఉడకబెట్టి, సముద్రంలో నానేసి, ఎండబెట్టి చాపలల్లడమే ఆమె పని. ఆ చుట్టుపక్కల పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ పరిచే చాపల్లో, మర్యాదకు నడుముకు కట్టుకునే చాపల్లో ఆమె చేతివి లేకుండా ఉండవు.

ఆ రోజు దవడపన్ను పీకించుకోవడానికి వచ్చింది. ఆసుపత్రిలో పన్ను ఊడబెరికి, చెంపలో దూది కుక్కి పంపేశారు. నోరంతా నెత్తురు రుచి. తిరుగు పడవ ఇంకా రాలేదు. కాసేపు నీడపట్టున కూర్చుందామని తమ్ముడి కొడుకు సాలేసి బారుకు వెళ్లింది. తమ్ముడు పోయాక సాలేసి రేవు పక్కనున్న ఇంటి ముందు వసారాను బారుగా మార్చాడు.

వసారా నిండా ఓడ దిగిన జనమే. గుంతపొయ్యిలో కాల్చిన పంది బల్లమీద సగం తిని వదిలేసినట్టు పడి ఉంది. దాని వీపులో ఎవరో సిగరెట్టు గుచ్చి ఆర్పారు. ఈగలు ముసురుతున్నాయి. కాలోలైనే ముఖం తిప్పుకుంటే, ఈత కొట్టి వచ్చిన ఒక లావాటి మనిషి, నీళ్లు కారే నిక్కరు మీద నడుముకు చాప చుట్టుకుని గంతులేస్తున్నాడు. చేతిలోని బీరు తొణికి చాప మీద పడుతోంది.

అంచున ఎర్రనూలు కుట్టు కనబడింది. ఆ కుట్టు తను వేసిందే. చాప నాయనమ్మ అల్లింది. నాన్న ప్రతి ఆదివారమూ దాన్ని నడుముకు కట్టుకుని చర్చికి వెళ్లేవాడు. నాన్న తర్వాత తమ్ముడికి, తమ్ముడి తర్వాత సాలేసికి వచ్చింది.

సాలేసి నవ్వుకుంటూ ఎదురొచ్చాడు. "అత్తా, ఎప్పుడొచ్చావు? చెంప అలా వాచిందేంటి?"

"దాన్ని విప్పించు," అందామె, దూది పక్కకు నెట్టుకుని.

"కాసేపు కట్టుకోనీ. ఫొటో దిగి ఇచ్చేస్తాడు. పెట్టెలో పెడితే మాత్రం ఏముంది, చిమ్మటలు తినేస్తున్నాయి."

"చిమ్మటలు తింటే తిననీ. వాటికి ఆకలి. వీడికేం పుట్టింది?"

మేనత్త మాటకు అడ్డుచెప్పడం ఆ దేశంలో లేదు. అయినా సాలేసి కదల్లేదు, చూపు మాత్రం దించుకున్నాడు. ఆవిడ ఏమంటోందని ఆ లావాటి మనిషి అడిగాడు. నీకు భలే నప్పిందంటోందని సాలేసి ఇంగ్లీషులో చెప్పాడు. కాలోలైనే బడిలో నేర్చిన ఇంగ్లీషు ఆ మాత్రం అర్థం కావడానికి సరిపోయింది.

ఆ మనిషి మురిసిపోయి, తడి చెయ్యి ఆమె భుజం చుట్టూ వేసి, ఫొటో తీయమని పెళ్లానికి సైగ చేశాడు. బీరు, చెమట, క్రీము కలిసి గుప్పుమన్నాయి. ఆమె గుడ్డ అడ్డం పెట్టుకుని నెత్తురు ఉమ్మేసింది. అతను గభాల్న చెయ్యి తీసేశాడు. అతని మొహంలో రోత స్పష్టంగా కనబడింది.

"ఇది మా నాన్నది," అందామె ఇంగ్లీషులో. "చనిపోయాడు."

అతని మొహం కందిపోయింది. గబగబా ముడి విప్పి, తడిసిన చాపను రెండు చేతులా అందించాడు. "అద్దెకిచ్చే చాపన్నాడమ్మా. నిజంగా నాకు తెలియదు," అని గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. ఆమె చూపంతా సాలేసి మీదే ఉంది.

"ఇంతమందిలో నా పరువు తీశావత్తా."

"నాన్నను అద్దెకిచ్చినప్పుడు పోలేదా నీ పరువు?"

చాప చుట్టుకుని రేవుకు నడిచింది. ఇంటికెళ్లి ఎన్ని రోజులు నీడన ఆరేసినా బీరు మరక పోలేదు, క్రీము జిడ్డూ పోలేదు. దాని దగ్గర కూర్చుంటే అన్నం సయించేది కాదు.

కొన్నాళ్లకు సాలేసి పెండలం దుంపలూ ఒక పందిపిల్లా పడవలో వేసుకొచ్చి, గడప బయట తల వంచుకుని కూర్చున్నాడు. కాలోలైనే అల్లిక ఆపలేదు. పొద్దు వాలాక, "లోపలికి రా. ఉడికించిన దుంపలున్నాయి, తిను," అంది. వాడు తింటుంటే మళ్లీ అల్లికలో పడింది. తను తినలేదు.

వాడి కూతురి మొదటి పుట్టినరోజుకు వెళ్లింది. అక్కడ శుభకార్యాల్లో పెద్దపీట ఇంటి మేనత్తది; ఆమె రాకపోతే ఆ పిల్లకే తలవంపులు. పెద్దపీట మీద కూర్చుంది, మర్యాదగా కప్పిన బట్టలు కప్పించుకుంది, పిల్లను ఒళ్లో పెట్టుకుని ముద్దుచేసింది. బంధువులంతా ఒక్కొక్కరే వంగి, ఆమె చెంపకు చెంప ఆనించి, అక్కడి ముద్దు పద్ధతిలో ఒకరి వాసన ఒకరు పీల్చుకుని వెళ్లారు. సాలేసి వంతు వచ్చింది. వాడు వంగాడు. ఆమె చెంప చూపించింది, ఊపిరి మాత్రం బిగబట్టుకుంది.