మిషనుకు కట్టిన తువాలు

గోళ్ళను అరగదీస్తే వచ్చే దుమ్ము బియ్యప్పిండి కంటే మెత్తన. కళ్యాణదుర్గంలో మేము పనిచేసే బ్యూటీ పార్లరులో ఆ దుమ్మును పీల్చడానికి ఒక మిషను ఉంది. గోళ్ళ బల్ల మీద పెట్టే చిన్న పెట్టె. పైన చిల్లుల రేకు, దాని కింద మడతల ఫిల్టరు, ఆ కింద ఫ్యాను. రాలిన దుమ్ము ఫిల్టరులో ఆగిపోవాలి, ఉత్త గాలి వెనక సందులోంచి బయటికి పోవాలి. దాని ముందు కూర్చుని గోళ్ళు చేసే పని మా చెల్లెలిది. దాన్ని శుభ్రంగా ఉంచే పని నాది.

రోజూ పని అయిపోగానే ప్లగ్గు పీకి, రేకు ఎత్తి, ఫిల్టరును తడి పేపరు మీద మెల్లగా తట్టేదాన్ని. మెత్తటి బ్రష్షుతో మడతలు దులిపి, ఫ్యాను రెక్కలు పొడిగుడ్డతో తుడిచేదాన్ని. పెళ్ళిళ్ళ కాలంలో మడకశిర వైపు నుంచి కూడా పెళ్ళికూతుళ్ళు వచ్చేవాళ్ళు. రేపు అంట్లు తోమాల్సిన చేతులకు ఇంతింత గోళ్ళెందుకని వాళ్ళు పోయాక నేను వెక్కిరిస్తే చెల్లెలు నవ్వేది. ఆ గోళ్ళ మీద అది వేసే పూలు చూస్తే మాత్రం నాకూ నోట మాట వచ్చేది కాదు.

దానికి చిన్నప్పటి నుంచి ఆయాసం. మాది కుందుర్పి దగ్గర పల్లె. వేరుశనగ ఆడించే రోజుల్లో ఊరంతా కళ్ళాల్లో ఉంటే, ఆ దుమ్ము పడక అది తలుపులేసుకుని ఇంట్లో కూర్చునేది. నీడపట్టు పని చూపిస్తానని నేనే పిలుచుకొచ్చాను. బస్సెక్కేటప్పుడు నాయన తన తువాలు తీసి నా భుజం మీద వేశాడు.

"దాని ఊపిరి నీ చేతిలో పెడతాండా. జాగర్తమ్మా," అన్నాడు.

రెండేళ్ళకు ఫిల్టరు పాతబడింది. వెనక సందులోంచి సన్నటి తెల్లదుమ్ము వచ్చి గోడ అద్దం మీద పేరుకునేది. కొత్త ఫిల్టరు బెంగళూరు నుంచి రావాలి. మాకేమో కుళాయి నీళ్ళు నాలుగు రోజులకొకసారి. రోజుకు మూడుసార్లు అద్దం తుడవడానికి నీళ్ళెక్కడివి? అప్పుడు నాకు అతితెలివి పుట్టింది. మా కళ్ళాల్లో వేరుశనగ ఆడించే మిషను దగ్గర నిలబడేవాళ్ళు తువాలు తడిపి ముక్కుకు కట్టుకుంటారు. మనిషికి పనికొచ్చేది మిషనుకెందుకు పనికిరాదు? నాయన తువాలు తడిపి పిండి, రెండు మడతలు వేసి, వెనక సందుకు బిగించి కట్టాను.

చెల్లెలు చూసి, "మిషనుకు కూడా దుమ్ము పడదా ఏమక్కా?" అని నవ్వింది.

మరుసటి రోజు నుంచి అద్దం తళతళలాడింది. ఓనరక్క మెచ్చుకుంది. ఏం చేశానో ఆమెకు చెప్పలేదు, నా గొప్ప నా దగ్గరే ఉండనీ అనుకున్నాను. రోజూ పొద్దున తువాలు మీద నీళ్ళు చిలకరించేదాన్ని. అది తెల్లగా అట్టకడుతుంటే ఎంత దుమ్ము ఆపుతోందో అని మురిసిపోయాను.

గాలి బయటికి పోయే దారి మూస్తే లోపలికి వచ్చే దారీ మూసుకుపోతుందని నాకు తట్టలేదు. ఫ్యాను మోత వినబడుతోంది కదా, పీలుస్తోందనే అనుకున్నాను. ఆ దుమ్మంతా చెల్లెలి ముఖం మీదికి లేస్తోంది. కస్టమర్లతో మాట్లాడాలని అది మాస్కు గడ్డం కిందికి లాక్కునేది.

వేసవి మధ్యలో దగ్గు మొదలైంది. తర్వాత పార్లరు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగేది. ఎండలన్నాను, జుట్టుకు కొట్టే స్ప్రే వాసనన్నాను. మిరియాల కషాయం కాచి ఇచ్చాను. ఊపిరికి గుడ్డ అడ్డం కట్టి, గొంతులో కషాయం పోసిన మహాతల్లిని నేను.

ఒకరోజు మిషను కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. అనంతపురం నుంచి మెకానిక్ వచ్చాడు. కాసేపు చల్లారనిచ్చి, మళ్ళీ ఆన్ చేసి, రేకు మీద పలచటి టిష్యూ కాగితం పెట్టాడు. కాగితం నిలవలేదు, పక్కకు జారిపోయింది. వెనక్కి తిప్పి తువాలు పీకాడు. చెక్కలా గట్టిపడి ఉంది. మళ్ళీ కాగితం పెట్టాడు. ఈసారి టప్పున రేకుకు అతుక్కుపోయింది.

"ఈ గుడ్డ ఎవురు కట్టినారు? ఇన్నాళ్ళూ ఇది పీల్చనే లేదు కదక్కా," అన్నాడు.

ఓనరక్క నా వైపు చూసింది. నేను వంగి తువాలు చేతిలోకి తీసుకున్నాను. పక్కనుంచి చెల్లెలు అంది.

"నేనే కట్టినానన్నా."

"నీ ఊపిరికి నువ్వే ఉరేసుకుంటివి కదే!" అని ఓనరక్క తల కొట్టుకుంది. ఆ రోజే దాన్ని పనిలోంచి తీసేసింది. మెట్లు దిగుతూ నేను ఏడిస్తే చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. "నేను ఎట్లాగూ చేయలేను గదక్కా ఈ పని. ఇద్దరం పోతే ఇల్లెట్లా గడస్తాది?" అంది.

అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయన్నాడు. ఇకమీదట దుమ్ములో ఉండకూడదన్నాడు. "దుమ్ము లేని ఊరు యాడ ఉండాదో ఆయప్పనే చెప్పమను," అన్నాడు నాయన. ఇంట్లోనూ చెల్లెలు తప్పు తనదేనని చెప్పింది. నాయన దాన్నే తిట్టాడు. అది తిట్లు తింటుంటే నేను పక్కన కూర్చుని అన్నం తిన్నాను. నా మీద నాకే అసహ్యం.

ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్త ఫిల్టరు వచ్చింది. రోజూ పొద్దున రేకు మీద టిష్యూ పెట్టి చూస్తాను. సరిగ్గా ఆ వేళకే చెల్లెలు ఊరి నుంచి ఫోను చేస్తుంది.

"కాగితం అతుక్కునిందా అక్కా?"

"అతుక్కునిందే."

మొన్న ఫోను నాయన తీసుకున్నాడు. వేరుశనగ ఆడించే పని మొదలైందట.

"నా తువాలు నీకిచ్చింటి కదమ్మా, అది యాడ ఉండాది? కళ్ళంలోకి కావల్ల," అన్నాడు.

గట్టిపడిన ఆ తువాలు నా ట్రంకుపెట్టెలో అడుగున ఉంది. నేను మాటలు వెతుక్కునేలోపే వెనకనుంచి చెల్లెలి గొంతు వినిపించింది.

"నేనే... పారేసినా... నాయనా."

ఆ మూడు మాటలకు అది రెండుసార్లు ఊపిరి కోసం ఆగింది. నేను ఈసారీ నోరు తెరవలేదు.