తెలుగు తెలిసిన గొర్రెలు

కువైట్లోని వఫ్రా ఎడారిలో షావలి కాపురమున్న చోటును, ఆయనకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీలు ఇంటివాళ్ళు 'మొఖయ్యం', అంటే విడిది, అనేవాళ్ళు. పేరు గొప్పగా ఉంది గానీ, ఉన్నవి రెండు గుడారాలు, ఒక నీళ్ళ ట్యాంకు, చుట్టూ ఇసుక. చలికాలంలో కఫీలు పిల్లాజెల్లాతో వచ్చి, నెగళ్ళు వేసుకుని, మాంసం కాల్చుకుతిని, ఆహా ఎడారి ఎంత ప్రశాంతమో అని మురిసిపోయి పట్నం వెళ్ళిపోయేవాడు. తక్కిన ఎనిమిది నెలల ప్రశాంతం షావలి ఒక్కడిది. మొదటి ఎండాకాలం తెలియక ఇనప మంచం పట్టుకుని చెయ్యి బొబ్బలెక్కించుకున్నాడు. ట్యాంకు నీళ్ళు పగలు ముట్టుకుంటే కాలేవి. స్నానం పొద్దు పొడవక ముందే, అదీ ఒక బకెట్టు. చెప్పులు దులపకుండా వేసుకుంటే ఏ తేలు పలకరిస్తుందో తెలియదు. అలాంటి చోట ఆయన ఏడేళ్ళు ఉన్నాడు, పైగా సంతోషంగానే ఉన్నాడు.

ఆ సంతోషమంతా గొర్రెల వల్ల. రాయచోటి దగ్గర పల్లెలో ఊహ తెలిసినప్పట్నుంచీ ఆయన చేసింది గొర్రెలు కాయడమే. ఇక్కడ డెబ్భై ఉండేవి. చుట్టుపక్కల కాపర్లు వ్యానుతో తరిమో కర్రతో అదిలించో మందను తోలుకునేవాళ్ళు. షావలికి అది గిట్టదు. దిబ్బ మీద నిలబడి, "దా... డ్ర్ర్ర్... దా దా!" అని మన సీమలో పిలిచినట్టే పిలిచేవాడు. ఎంత దూరాన ఉన్నా పరుగెత్తుకొచ్చేవి. కఫీలు పిలిస్తే తలైనా ఎత్తేవి కావు. "వీటికి అరబ్బీ రాకుండా చేశావు కదయ్యా!" అని ముసలాయన నవ్వేవాడు. షావలి నవ్వేవాడు కాదు గానీ, లోపల బోలెడు గర్వం. అదే తన కాళ్ళకు బంధమవుతుందని ఎవరికి తెలుసు?

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్లోకి వచ్చింది. ఆ మర్నాడే కఫీలు భార్యాబిడ్డల్ని వ్యానులో కుక్కుకుని వచ్చి, ఇంజను ఆపకుండానే, "సౌదీ పోతున్నాం, మందను చూసుకో," అని చెప్పి కదిలిపోయాడు. షావలి పాస్‌పోర్టు పట్నంలో ఆయన బీరువాలో ఉంది. దాని సంగతి అడుగుదామని నోరు తెరిచేసరికి వ్యాను కనుచూపు మేరలో లేదు.

పది రోజులకు సైనికులు పన్నెండుమంది వచ్చి పెద్ద గుడారంలో దిగారు. ఆకలి మీదున్నారు. వచ్చీ రాగానే ఒక గొర్రెను తుపాకీతో కాల్చారు. ఆ చప్పుడుకు మంద చెల్లాచెదురైంది. సాయంత్రం దాకా జీపులో తరిమినా ఒక్కటీ చిక్కలేదు. అవి దాహంతో ఎక్కడ చస్తాయోనని షావలి ప్రాణం ఆగలేదు. దిబ్బ ఎక్కి పిలిచాడు. అన్నీ వచ్చాయి. పై అధికారి అది కళ్ళారా చూశాడు. "వీడు ఇక్కణ్ణుంచి కదలకూడదు. కదిలితే కాల్చెయ్యండి," అన్నాడు.

అప్పట్నుంచీ రోజు మార్చి రోజు షావలి పిలవాలి, అవి రావాలి, వాళ్ళు ఒకదాన్ని పట్టుకోవాలి. నమ్మి వచ్చినదాని మెడ పట్టిస్తున్నానని ఆయనకు ముద్ద దిగేది కాదు. పిలవనంటే తూటా. గోడ లేదు, కంచె లేదు, ఎటు చూసినా బయలే. అంత బయల్లోనూ ఆయన నాలుగడుగులు దూరం పోలేకపోయేవాడు.

సెప్టెంబరు ఆఖర్లో, పక్క తోటలో ఉల్లిగడ్డలు ఎత్తడానికి అబ్దుల్ ఖాదర్ లారీ తెచ్చాడు. కడపవాడు, సబ్హాన్ గోదాముల్లో డ్రైవరు. సైనికులకు ఒక మూట ఇచ్చి షావలి దగ్గరికి వచ్చాడు.

"అన్నా, వచ్చే శుక్రవారం పొద్దున్నే పోతాండాం. బస్రా మీద జోర్డానుకు. నలభైమందిమి. పాస్‌పోర్టు లేకున్నా ఎంబసీ వాళ్ళు కాగితం ఇస్తాండారు. మళ్ల నేను వచ్చేది ల్యా."

"వీళ్ళు ఇడిస్తే గదబ్బీ."

"నోరుంది గదా, అడుగు."

"ఈ నోరే గదా నన్ను కట్టేసింది!"

అయినా అడిగాడు. అధికారి ఆలోచించి, "మా జాసిమ్ పిలిస్తే మంద రావాలి. వస్తే నువ్వు ఖలాస్, పోవచ్చు. రాకపోతే ఉంటావు," అన్నాడు.

జాసిమ్ నలభై ఏళ్ళ రైతు. నలుగురు ఆడపిల్లల తండ్రి, పొలంలోంచి పట్టుకొచ్చి యూనిఫాం తొడిగారు. పాపం, చెడ్డవాడు కాడు. షావలి వారం రోజులు అతనికి పాఠం చెప్పాడు. గొంతు ఎక్కడ దించాలో, ఎక్కడ సాగదీయాలో నేర్పాడు. గొర్రెలు వాసన పట్టేలా తన తలగుడ్డ అతని మెడకు చుట్టాడు. అతని చేత్తో వాటికి ఉప్పు నాకించాడు. ఐదో రోజుకు సగం మంద అతని వెంట నడిచింది. షావలికి ఆశా పుట్టింది, దాని వెంటే సిగ్గూ పుట్టింది. కసాయికి దారి చూపిస్తున్నానా అని ఒక మనసు. ఇంట్లో భార్య కుల్సుమ్ బీ, బిడ్డలు ఎదురుచూస్తున్నారని ఇంకో మనసు.

శుక్రవారం పొద్దున లారీ వచ్చి దారిలో నిలబడి హారన్ కొట్టింది. అధికారి కుర్చీ వేయించుకుని, టీ గ్లాసుతో కూర్చున్నాడు. జాసిమ్ దిబ్బ ఎక్కి పిలిచాడు. అచ్చం షావలి పిలిచినట్టే పిలిచాడు. మంద కదిలింది. ముందు నడిచేది నల్లచెవిది. తల్లి చచ్చిపోతే షావలి సీసాపాలు పట్టి, తన మంచం కింద పడుకోబెట్టుకుని పెంచిన గొర్రె. సగం దూరం వచ్చి అది ఆగింది. చుట్టూ చూసి, షావలిని కనుక్కుని, ఆయన వైపు తిరిగింది. దానితో మందంతా తిరిగింది.

అధికారి గ్లాసు కింద పెట్టాడు. లారీలో నలభైమంది, "దా అన్నా, బిన్నా రా!" అని కేకలు. నల్లచెవిది దగ్గరికి వచ్చేస్తోంది. షావలి పొమ్మని చెయ్యి విసిరాడు. పోలేదు. వీపు తిప్పుకున్నాడు. వచ్చి మోకాళ్ళకు తల రాసింది. ఆయన దాన్ని కాలితో నెట్టి, వంగి, రాయి తీసుకుని కొట్టాడు. మూతి మీద తగిలింది. అది అరవలేదు. కాసేపు నిలబడి ఆయన ముఖంలోకి చూసి, మెల్లగా జాసిమ్ వైపు నడిచింది. మంద దాని వెనక నడిచింది.

"యల్లా, ఇక పో," అన్నాడు అధికారి.

లారీ కదిలాక ఖాదర్ స్టీరింగు మీద చరిచి, "బయటపడినావు గదన్నా! ఇంకా ఏడుస్తాండావేంది?" అన్నాడు.

"ఏడేండ్లలో దాన్ని ఎప్పుడూ కొట్టలేదబ్బీ," అన్నాడు షావలి. "కొట్టినా నా మాటే ఇనింది. పొమ్మంటే పోయింది."